ఆల్డర్ స్పిట్‌లో ఆటు పండుగ

"ఈ పోస్టర్ వేసిందెవరు?"

లైబ్రరీ వెనక గదిలో మా ఆల్డర్ స్పిట్ ఊరి సముద్ర వనరుల కమిటీ మీటింగ్ అప్పుడే మొదలైంది. కాఫీ ఇంకా కప్పుల్లోకి రాలేదు. తలుపు దడాలున తెరుచుకుని, బయటి వానతో పాటు ఆంటన్ స్కారిచ్ కూడా లోపలికి వచ్చాడు. కోటు నుంచి నీళ్లు బల్ల మీదికి కారుతున్నా పట్టించుకోకుండా, చేతిలోని తడి కాగితాన్ని అందరి ముందూ పరిచాడు.

సముద్రం అడుగున ఇనుప బోను. బోనులో చచ్చిన పీతలు. బోనుకు కట్టిన తాడు, తాడు చివర నీటి మీద తేలే బోయా. పైన పెద్ద అక్షరాలు: 'పారేసుకున్న బోను చంపడం మానదు.'

"నేనే వేశాను," అంటూ బల్ల చివర నుంచి ఒకమ్మాయి లేచింది. "ఏం, బాగాలేదా?"

నయేలి ఓచోవా ఆ కమిటీలో జీతం తీసుకునే ఒకే ఒక్క మనిషి. మిగతావాళ్లంతా ఊరి మీద మమకారంతో వచ్చేవాళ్లు. బడిపిల్లలకు తీరం గురించి చెప్పడం, ఊరందరికీ పండుగలు ఏర్పాటు చేయడం ఆమె పని. వచ్చి ఇంకా నెల కూడా కాలేదు.

"బోయా రంగులు చూశారా? పైన పసుపు, కింద నీలం, మధ్యలో తెల్ల గీత."

"చూడకుండా ఎలా వేస్తాను? రేవులో అలాంటి బోయా ఒకటి కనిపించింది. ముచ్చటగా ఉందని అవే రంగులు వేశాను."

"ముచ్చటగా ఉందట!" తనకు ఎవరైనా వత్తాసు పలుకుతారేమోనని ఆంటన్ గది చుట్టూ చూశాడు. "అవి మా రంగులండీ. మా తాత నాటి నుంచీ మావే. ఈ రేవులో ఏ బోయా ఎవరిదో ఎవర్నడిగినా చెప్తారు. మీ పోస్టర్ కిరాణా కొట్లో ఉంది, పోస్టాఫీసులో ఉంది, ఆఖరికి చర్చి తలుపు మీద కూడా ఉంది. పొద్దున మా నాన్న కాఫీకి వెళ్తే, 'ఏం స్టీపే, పీతల్ని చంపి చంపి అలిసిపోయావా?' అన్నారట. ఆయన కాఫీ తాగకుండా ఇంటికొచ్చేశాడు. మా నాన్న కాఫీ మానేయడమంటే ఏంటో మీకు తెలీదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. నయేలి ముఖం ఎర్రబడింది.

"రంగుల సంగతి నిజంగా నాకు తెలీదు. తప్పు నాదే. సారీ. రేపే అన్నీ తీసేసి రంగులు మార్చి అతికిస్తాను."

పెద్ద గొడవకు సిద్ధపడి వచ్చినవాడికి ఇంత త్వరగా సారీ దొరికేసరికి ఏం చేయాలో తోచలేదు.

"కానీ పీతల సంగతి మార్చను," అంది ఆమె. "అది నిజం కాబట్టి."

"మాది ఒక్క బోను కూడా పోలేదు."

"ఒక్కటి కూడానా? అంత సముద్రంలో, ఇన్నేళ్లలో?"

"పోలేదన్నానా!"

"అన్నారు. విన్నాను. నమ్మమని మాత్రం అడక్కండి."

అధ్యక్షురాలు వెర్నా లిండ్‌క్విస్ట్ చెంచాతో కప్పు మీద టంగుమని కొట్టింది. రిటైరయ్యేదాకా ఫెర్రీ నడిపిన మనిషి. ఆమె గొంతుకు మైకు అక్కర్లేదు.

"ఆంటన్, ఫిర్యాదు అయిందా?"

"అయింది."

"అయితే కూర్చో. ఇక్కడ ఫిర్యాదు చేసినవాళ్లకి పని అప్పగిస్తాం. జూన్‌లో నీళ్లు బాగా వెనక్కి పోయే రోజు చూసి ఆటు పండుగ చేస్తున్నాం. ఊరంతా తీరంలోకి దిగి నడవాలి, అక్కడేముందో చూడాలి. ఇంతవరకు మా పండుగలకి పడవల వాళ్లు ఒక్కరూ రాలేదు. వాళ్లని రప్పించే పని నీది. ఈ అమ్మాయితో కలిసి చెయ్యి."

"ఈవిడతోనా?"

"ఈయనతోనా?"

రెండు గొంతులూ ఒక్కసారే లేచాయి.

"చూశారా," అంది వెర్నా కాఫీ పోసుకుంటూ, "అప్పుడే ఒక్క మాట మీదికి వచ్చారు."

* * *

పడవల వాళ్లు కమిటీ ముఖం చూడకపోవడానికి కారణం ఉంది. కొన్నేళ్ల కిందట, సముద్రపు గడ్డి పెరిగే చోట బోనులు దించకూడదని కమిటీ చెప్పింది. ఆ చోటు స్టీపే స్కారిచ్ తండ్రి కాలం నుంచీ పీతలు పట్టిన చోటు. ఆ రోజు మీటింగులోంచి లేచి వెళ్లిపోయిన స్టీపే మళ్లీ లైబ్రరీ మెట్టెక్కలేదు. ఆయన ఎక్కకపోతే మిగతా పడవల వాళ్లూ ఎక్కరు.

ఇప్పుడు జిల్లా పెద్దలు కూడా నసుగుతున్నారు. సముద్రం మీద బతికేవాళ్లకే అక్కర్లేని కమిటీకి మనం జీతమిచ్చి మనిషిని పెట్టడమెందుకు అని. ఈ పండుగ ఎలా జరుగుతుందో చూసి జూన్ ఆఖరున తేలుస్తామన్నారు. నయేలి ఉద్యోగం ఆ మాట మీద వేలాడుతోంది.

ఆమెకు ఇది కొత్త కాదు. సముద్రానికి దూరంగా, యాకిమా లోయలో ఆపిల్ తోటల్లో పనిచేసే వాళ్ల బిడ్డ. బడి నుంచి తీసుకెళ్తే మొదటిసారి సముద్రం చూసి, ఆ రాత్రి నిద్ర పట్టక దుప్పటి తన్నుకుంటూ పడుకుంది. ఆ తర్వాత సముద్రమే చదువుకుంది. అప్పటి నుంచి ఏడాదికో ఊరు, ఏడాదికో ఉద్యోగం. ఒకచోట కాలు కుదురుకునేలోపు ఇంకోచోటికి దరఖాస్తు పెట్టేది.

ఇక ఆంటన్ కాలు కాలిన పిల్లి. మీటింగులో కుర్చీ అంచున కూర్చుని మోకాలు ఊపుతూనే ఉంటాడు. మధ్యలో లేచి కిటికీ దగ్గరికి పోయి మబ్బు చూసొస్తాడు. జూన్‌లో నాన్నతో కలిసి 'డ్రాగిట్సా' పడవ మీద అలాస్కాకు సాల్మన్ చేపల వేటకు పోవాలి. పడవకు పెట్టింది వాళ్ల నోనా పేరు. నోనా అంటే వాళ్ల భాషలో నాన్నమ్మ. ఆంటన్‌ని పెంచింది ఆవిడే. ఏప్రిల్ వచ్చిందంటే అతనికి ఉన్నచోట ఊపిరాడదు.

"మీరు కాసేపు ఆ మోకాలు ఆపితే నేను చదివేది పూర్తి చేస్తాను," అంది నయేలి ఒకరోజు.

"మీరు త్వరగా చదివితే మోకాలే ఆగుతుంది."

"సరే. పడవల వాళ్లని పిలవడానికి ఈ కార్డు ఎలా ఉంది? 'తీర పర్యావరణ వ్యవస్థతో మీ అనుబంధాన్ని పునరుద్ధరించుకోండి.'"

ఆంటన్ ఆమె ముఖంలోకి చూశాడు. ఆటపట్టిస్తోందేమో అనుకున్నాడు. కాదని తెలిశాక నవ్వాపుకోవడానికి కిటికీ వైపు తిరిగాడు.

"ఏం?"

"ఏం లేదు. మా నాన్న ఇది చదివితే, అనుబంధం ఎప్పుడు తెగిందని అడుగుతాడు."

"మరి ఏం రాయాలి?"

"'సూప్ ఉంది. రండి.' అని రాయండి."

ఆమె కాసేపు కోపంగా చూసి, కార్డు మీద రాసిందంతా కొట్టేసి, ఆ రెండు ముక్కలూ రాసింది. ఆ తర్వాత ఇద్దరూ నవ్వారు. మొదటిసారి కలిసి నవ్వింది అప్పుడే.

* * *

పండుగలో చూపించడానికి సముద్రం అడుగున పడివున్న పాత బోనులు కొన్ని పైకి తీయాలనేది నయేలి ఆలోచన. ప్రభుత్వం నుంచి అనుమతి తెచ్చింది. ఏ బోను ఎక్కడుందో యంత్రంతో వెతికి గుర్తులు పెట్టిన పటం సంపాదించింది. పడవ మాత్రం ఆంటన్‌ది.

చిన్న పడవ రేవు దాటగానే వాన మొదలైంది. అల అలకూ పడవ లేచి పడుతోంది. నయేలి పటం వైపు చూడటం మానేసి రెండు చేతులతో అంచు పట్టుకుంది.

"ఏంటి, ముఖం అలా పాలిపోయింది?" అడిగాడు ఆంటన్. "సముద్రం చదువుకున్నానన్నారు కదా!"

"చదువుకున్నాను. పడవ చదువుకోలేదు," అని, మాట పూర్తికాకుండానే అంచు మీంచి వంగి పొద్దుటి తిండంతా సముద్రంలోకి కక్కేసింది.

ఆంటన్ నవ్వలేదు. ఇంజిన్ తగ్గించి, ఉప్పు బిస్కెట్ల పొట్లం, నీళ్లసీసా ఆమె పక్కన పెట్టాడు.

"కిందికి చూడకు. అదిగో, ఆ దీపస్తంభం వైపు చూస్తూ ఉండు. కదలనిదాన్ని చూస్తే తగ్గుతుంది."

"'చూడు' అన్నారు."

"ఆఁ?"

"ఇంతవరకు 'చూడండి' అనేవారు."

"కక్కుకునేవాళ్లని 'మీరు' అనడం కష్టం."

ఆమెకు ఆ స్థితిలోనూ నవ్వొచ్చింది. "అయితే నువ్వు మాట్లాడుతూ ఉండు. ఆపకు."

అతను మాట్లాడాడు. అలాస్కా గురించి, నోనా గురించి, చిన్నప్పుడు పడవలోంచి బడికి తీసుకెళ్లిన పీత టీచర్ బల్లలో దూరిన సంగతి గురించి. మాట్లాడుతూనే ఆమె చెప్పిన చోట కొక్కెం వేసి లాగాడు. మూడో బోను నాచుతో, గవ్వలతో బరువుగా పైకొచ్చింది. తాడు చివర చితికిన బోయా ఉంది. ఎవరిదో చూద్దామని ఆంటన్ కత్తితో నాచు గీకాడు.

పసుపు. తెల్ల గీత. నీలం.

చెప్తున్న కథ మధ్యలోనే వదిలేసి అతను బోను మీదికి వంగాడు.

బోనులో పీతల పెంకులు కుప్పగా ఉన్నాయి. మూతకు కట్టాల్సిన నూలు తాడు లేదు. నూలైతే నీళ్లలో కొన్నాళ్లకు కుళ్లి, మూత దానంతటదే తెరుచుకుని, పీతలు బయటపడతాయి. ఇక్కడ కట్టింది నైలాను. ముడి ఇంకా కొత్తదానిలా ఉంది. ఆ ముడి వేసే చేతులు ఎవరివో అతనికి చెప్పక్కర్లేదు.

"మా నాన్న ఒక్కటి కూడా పోలేదన్నాడు," అన్నాడు చివరికి. "చిన్నప్పటి నుంచీ అదే మాట విన్నాను. మళ్లీ సముద్రంలో పడేస్తే?"

"పైకి తీసింది మళ్లీ పడేయకూడదు." నయేలి గొంతు నీరసంగా ఉన్నా స్థిరంగా ఉంది. "మీ షెడ్డులో పెట్టుకో. పండుగలో పెట్టను. ఎవరిదో ఎవరికీ చెప్పను."

"నన్ను నాలుగు మాటలు అనవా? ఆ రోజు అంత ఎగిరాను కదా!"

"అందామనుకున్నాను. నీ ముఖం చూశాక మాట రాలేదు." పొట్లంలోంచి ఒక బిస్కెట్ తీసి అతని చేతిలో పెట్టింది. "ఇది తిను. నాకన్నా నువ్వే పాలిపోయావు."

వానలో తడుస్తూ ఇద్దరూ తిరిగొచ్చారు. ఆంటన్ మోకాలు మాత్రం ఆ రోజు ఊగలేదు.

* * *

మే నెలంతా వాళ్లిద్దరూ తీరం మీదే కనిపించారు. పిల్లల్ని ఎటునుంచి దింపాలి, ఏ రాళ్ల కింద నక్షత్రచేపలున్నాయి, బురద ఎక్కడ మెత్తగా ఉంటుంది, జెండాలు ఎక్కడ పాతాలి అని చూసేవాళ్లు. చూడ్డం అయిపోయాక కూడా చూస్తూనే ఉండేవాళ్లు. ఊరు గమనించింది. నోనా అయితే ఒకరోజు రోడ్డు మీదే నయేలిని ఆపేసింది.

"మా వాడు నీ గురించి చెప్పడం లేదు," అంది.

"చెప్పడానికేముందండీ?"

"అదే నేనూ అనేది. అన్నిటి గురించీ వాగేవాడు ఒక్క నీ గురించే నోరెత్తడం లేదు. ఆదివారం భోజనానికి రా."

ఆ ఆదివారం స్టీపే బల్లకు ఆ చివర కూర్చుని, చేప ముల్లు తీసుకుంటూ, నయేలితో ఒక్క మాటే అన్నాడు: "ఉప్పు ఇటివ్వు." అది మంచి శకునమేనని ఆంటన్ తర్వాత చెప్పాడు. నచ్చనివాళ్లనైతే ఉప్పు కూడా అడగడట.

కానీ జూన్ మొదట్లో వెర్నా మాట జారింది. మెయిన్ రాష్ట్రం నుంచి ఎవరో ఫోన్ చేసి నయేలి పని ఎలా ఉంటుందని అడిగారట. అంటే దేశానికి ఆ చివర, ఇంకో సముద్రం ఒడ్డున ఉద్యోగం.

ఆంటన్ నేరుగా ఆమె జెండాలకు రంగులు వేస్తున్న చోటికి వచ్చాడు.

"మెయిన్ వెళ్తున్నావా?"

"దరఖాస్తు పెట్టాను. వెళ్తానని ఎవరన్నారు?"

"నాకు చెప్పొచ్చు కదా."

"ఇక్కడ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదు. ప్రతి ఏడాదీ ఎక్కడో ఒకచోట పెడుతూనే ఉంటాను. అయినా నువ్వు అలాస్కా పోవడం లేదా?"

"నేను తిరిగొస్తాను!"

"తిరిగి రావడానికి నీకు ఊరుంది." కుంచె పట్టుకున్న చెయ్యి ఆగింది. "నాకు వెళ్లడం ఒక్కటే వచ్చు ఆంటన్."

అతనికి అనాల్సింది చాలా ఉంది. రంగు డబ్బాను కాలితో కాస్త పక్కకు జరిపి వెళ్లిపోయాడు. ఆ తర్వాత పండుగ దాకా ఇద్దరి మధ్యా జెండాల సంగతులే నడిచాయి.

* * *

పండుగ రోజు పొద్దున్నే వాన. పది దాటాక కాస్త తెరిపిచ్చింది. నీళ్లు వెనక్కి పోతూ పోతూ, చివరికి తీరమంతా బోర్లించిన పళ్లెంలా మెరుస్తూ బయటపడింది. పిల్లలు రబ్బరు బూట్లలో కేరింతలు కొడుతున్నారు. గుడారం కింద సూప్ మరుగుతోంది. పడవల వాళ్లు మాత్రం రోడ్డు మీద ట్రక్కుల్లోనే కూర్చుని, అద్దాలు దించుకుని చూస్తున్నారు. వచ్చామనిపించుకోకుండా వచ్చారన్నమాట. జిల్లా నుంచి వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు వాళ్ల వైపు, ఖాళీగా ఉన్న బల్లల వైపు చూసి ఏదో గొణుక్కున్నారు.

సూప్ గిన్నె మోసుకొస్తున్న ఆంటన్ ప్రదర్శన బల్ల దగ్గర ఠక్కున ఆగిపోయాడు.

బల్ల మధ్యలో ఆ బోను. నాచు కడిగి, పసుపూ నీలం రంగులు అందరికీ కనిపించేలా పెట్టారు.

గిన్నె అక్కడే దించి నయేలి దగ్గరికి పరుగున పోయాడు. చుట్టూ పిల్లలున్నారన్నది కూడా చూడలేదు.

"ఎవరికీ చెప్పనన్నావు!"

"ఏంటి?"

"ఆ బోను! మాటిచ్చావు. మా షెడ్డులోంచి తెచ్చి మరీ పెట్టావు. వెళ్లిపోయేదానివేగా, ఊళ్లో మేం ఏమైపోతే నీకేంటి!"

నయేలి బల్ల వైపు చూసింది. ఆమె కూడా అప్పుడే చూస్తోందని ఎవరికైనా తెలిసేది, ఒక్క ఆంటన్‌కి తప్ప.

"నేను పెట్టలేదు," అంది మెల్లగా. అతను వినే స్థితిలో లేడు. ఆమె ఈల ఊది, పిల్లల్ని వరసలో నిలబెట్టి, తీరంలోకి నడిపించుకుపోయింది.

"ఒరేయ్," అంది వెనక నుంచి ఒక బొంగురు గొంతు. "నేను పెట్టాను."

స్టీపే స్కారిచ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు.

"వలలు తీద్దామని షెడ్డులోకి పోతే గోనెల కింద కనిపించింది. నా కంట పడకూడదనేగా దాచావు? నీకు నా మీద ఆ మాత్రం నమ్మకం లేకపోయిందా, లేక నేనే అలా ఉన్నానా అని ఆలోచించాను. రెండోదే అనిపించింది."

బల్ల వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. అక్కడ మిగిలిన చిన్నపిల్లలు మూగారు.

"ఇది నా బోను," అన్నాడు గట్టిగా, ట్రక్కుల దాకా వినపడేలా. "నూలు తాడు మాటిమాటికీ తెగుతోందని విసుగొచ్చి నైలాను కట్టాను. తర్వాత తుఫానులో బోను పోయింది. పోలేదని అందరికీ చెప్పాను. లోపలున్నవి చూడండి."

ఒక చిన్నపిల్ల పెంకులు చూసి, తలెత్తి ఆయన్ని చూసింది. "మీకు ఏడుపొచ్చిందా తాతా?"

స్టీపే ఆలోచించాడు. "కాఫీ తాగబుద్ధి కాలేదు," అన్నాడు.

రోడ్డు మీద ఒక ట్రక్కు తలుపు తెరుచుకుంది. తర్వాత ఇంకొకటి. "నాదీ ఒకటి పోయిందిలే స్టీపే," అంటూ ఒకాయన దిగాడు. "ఒకటేనా?" అని వెనక నుంచి వాళ్లావిడ. నవ్వులు. కాసేపటికి పడవల కుటుంబాలన్నీ సూప్ దగ్గర వరసలో ఉన్నాయి. జిల్లా పెద్దమనుషులకు కూడా వరసలో నిలబడక తప్పలేదు.

ఆంటన్ ఒక్కడే ఆ సందడిలో నిలవలేకపోయాడు. నిలబడితే కాళ్లు లాగుతున్నాయి, నడిస్తే ఎటు పోవాలో తెలియడం లేదు. తీరం వైపు చూశాడు. పిల్లలు తిరిగి వచ్చేస్తున్నారు. నీళ్లు మళ్లుతున్నాయి. దూరంగా, చివరి జెండా దగ్గర నయేలి ఒక్కతే ఉంది. కదలడం లేదు.

* * *

"దగ్గరికి రాకు. ఇక్కడ మెత్తగా ఉంది," అని అరిచింది ఆమె. జెండా తీయబోయి రెండు బూట్లూ బురదలో కూరుకుపోయాయి.

"నాకు తెలుసు. నేనిక్కడే పుట్టాను," అంటూ ఇంకో అడుగు వేశాడు. మోకాలి దాకా దిగిపోయాడు.

నయేలి కోపంగా ఉండాలనుకుంది. పెదవులు మాట వినలేదు.

"ఇక్కడే పుట్టావుగా, ఎలా బయటపడాలో చెప్పు."

"బూట్లు వదిలేయాలి."

"ఇవి కమిటీ బూట్లు."

పోటు నీళ్లు పల్చగా, చల్లగా పాదాల చుట్టూ పాకుతున్నాయి. ప్రాణభయమేం లేదు గానీ నిలబడి ముచ్చట్లాడే చోటు కాదు.

"నాన్నే పెట్టాడు," అన్నాడు ఆంటన్.

"ఆయన మాట ఇక్కడిదాకా వినపడింది."

"నేను అరిచింది బోను గురించి కాదు నయేలీ. మెయిన్ గురించి. వారమంతా ఆ కోపం ఎక్కడ పెట్టాలో తెలీలేదు. బోను కనిపిస్తే దాని మీద పెట్టేశాను. క్షమించు."

"వెళ్తావా ఉంటావా అని నన్ను అడగొచ్చుగా?"

"అడిగితే వెళ్తానంటావేమోనని భయం."

"ఇప్పుడడుగు."

"నీళ్లు బూట్లలోకి వస్తున్నాయి."

"అందుకే త్వరగా అడుగు."

"ఉంటావా?"

"ఎవరి కోసం?"

"కమిటీ కోసం. పిల్లల కోసం. పీతల కోస... అబ్బ! నా కోసం. నువ్వంటే నాకు ఇష్టం. నువ్వు పక్కనుంటే నాకు ఎటూ పోవాలనిపించదు. నాకిలా ఎప్పుడూ కాలేదు."

ఒడ్డున వెర్నా మైకు అందుకుంది. "ఆంటన్! నయేలీ! పోటొస్తోంది. మిగతాది ఒడ్డున మాట్లాడుకోండి!"

మైకు చేతులు మారిన చప్పుడైంది. "ఒరేయ్," అంది నోనా గొంతు తీరమంతా మోగుతూ, "ఆ పిల్ల ఏమందిరా?"

"ఇంకా ఏమీ అనలేదు నోనా!"

"అనేదేముందే అమ్మాయ్? మా అందరికీ ఇష్టమే! వచ్చేయండి, సూప్ చల్లారిపోతోంది!"

తీరమంతా నవ్వింది. నయేలి ముఖాన్ని రెండు చేతుల్లో దాచుకుంది. చేతులు తీసేసరికి కళ్లు తడిగా ఉన్నాయి.

"నాకూ నువ్వంటే ఇష్టమే," అంది. "ఇష్టం సంగతి తేలికే. ఉండటమే నాకు రాదు. ఇంతమంది ముందు అవునని, తర్వాత పారిపోతే? నువ్వు అలాస్కా నుంచి వచ్చేసరికి చెప్తాను. అంతవరకు అడక్కు."

"అంతవరకు నేనేం చేయాలి?"

"చేపలు పట్టు."

కమిటీ బూట్లు బురదకే వదిలి, ఒకరి భుజం ఒకరు పట్టుకుని, వట్టి కాళ్లతో ఇద్దరూ ఒడ్డుకు నడిచారు.

* * *

ఆ వారంలోనే 'డ్రాగిట్సా' ఉత్తరానికి వెళ్లిపోయింది.

ఆ వేసవి ఆంటన్‌కి గడవలేదు. వల వేసేటప్పుడు తీయాలనిపించేది, తీసేటప్పుడు వేయాలనిపించేది. కొండల మధ్య ఫోన్ పలికేది కాదు. పలికిన రోజు మాటలు సగం గాలికి పోయేవి. జిల్లావాళ్లు ఉద్యోగాన్ని ఇంకో ఏడాది పొడిగించారని ఒకసారి వినిపించింది. మెయిన్ వాళ్లు కూడా రమ్మన్నారని ఇంకోసారి వినిపించింది. ఆ తర్వాతేమైందో అడగాలని నాలుక దాకా వచ్చేది. అడగొద్దంది కదా అని మింగేసేవాడు.

"ఒరేయ్, కాస్త కూర్చో," అనేవాడు స్టీపే. "నువ్వలా తిరిగితే పడవ అరిగిపోతుంది."

ఇటు నయేలికీ కుదురు లేదు. పిల్లల్ని తీరానికి తీసుకెళ్లేది, తీసుకొచ్చేది, రేవు చివరిదాకా నడిచేది, తిరిగొచ్చేది. ఊరు చూస్తూ ఊరుకుంది. ఆమె మనసులో ఏముందో నోనాకు కూడా చెప్పలేదు.

ఆగస్టు చివర్లో, పొగమంచు దట్టంగా పట్టిన ఒక ఉదయం, పడవ వస్తోందని కబురొచ్చింది. రేవులో సగం ఊరుంది. మంచులోంచి ఇంజిన్ చప్పుడే తప్ప పడవ కనిపించదు. పడవ ముందు భాగాన, గట్టుకు కట్టే తాడు చేతిలో చుట్టుకుని ఆంటన్ నిలబడ్డాడు. గట్టు కనిపించదు, గట్టు మీద ఎవరున్నారో కనిపించదు. మెడ చాచి చూసి చూసి కళ్లు నొప్పెట్టాయి.

మొదట వెర్నా టోపీ కనిపించింది. తర్వాత నోనా చేతికర్ర. తర్వాత ఖాళీ. అంతలో ఆ ఖాళీలోకి ఎవరో పరుగెత్తుకుంటూ వచ్చి ఆయాసపడుతూ ఆగారు. జుట్టు కూడా దువ్వుకోలేదు.

పడవ గట్టుకు తాకిందో లేదో, ఆంటన్ దూకాడు.

"ఉన్నావా!"

"కనిపించడం లేదా?"

"మెయిన్?"

"జులైలోనే రానని చెప్పేశాను."

"జులైలోనా! మరి నాకెందుకు చెప్పలేదు? చచ్చిపోయాను ఇన్నాళ్లూ!"

"నేను మాత్రం బతికున్నానా? ఫోన్‌లో చెప్తే నీ ముఖం కనిపించదుగా. ఇంత ఆగి నీ ముఖం చూడకుండా ఎలా చెప్పను? ఉంటాను ఆంటన్. నీ కోసమే కాదు, నాకే ఉండాలనుంది. కానీ నీ కోసం కూడా."

అతను రెండు చేతులతో ఆమెను దగ్గరికి లాక్కున్నాడు. రేవంతా చప్పట్లు. నోనా కళ్లు తుడుచుకుంది. ఆ చప్పట్లలో ఒక కేక ఎవరికీ సరిగ్గా వినపడలేదు.

"ఒరేయ్! తాడు! తాడురా!"

రెండు చేతులూ నయేలి చుట్టూ ఉంటే తాడు ఎక్కడుంటుంది? నీళ్లలో ఉంది. 'డ్రాగిట్సా' మెల్లగా గట్టు వదిలి మంచులోకి జరిగిపోతోంది. దాని మీద స్టీపే ఒక్కడే చేతులూపుతూ అరుస్తున్నాడు.

"అమ్మాయ్! వాడు పనికిరాడు. నువ్వు పట్టుకో!"

ఇంకో తాడు గాల్లో తిరిగి వచ్చింది. నయేలి ఆంటన్‌ని పక్కకు తోసి దాన్ని అందుకుంది. కాలు తన్నిపెట్టి లాగింది. వెర్నా ఒక చెయ్యి వేసింది. పడవ మళ్లీ గట్టుకు ఒరుసుకోగానే ఆమె తాడును గుంజకు చుట్టి, బిగించి, ముడి వేసింది.

స్టీపే గట్టు మీదికి దిగాడు. కొడుకు వైపు చూడనేలేదు. వంగి ఆ ముడిని ఒకసారి లాగి చూశాడు. ఇంకోసారి లాగి చూశాడు.

"ఊఁ," అన్నాడు నయేలితో. "గట్టిగానే కట్టావమ్మా. పద, ఇంటికెళ్దాం."